రెండంగుళాలు పెరిగిన లారీ

మా ఇంటి పొయ్యిల నిప్పు మీద, నా దండకున్న తాయెత్తు మీద, కిటికీ పక్క బల్ల మీద నిలవడ్డ నా లారీ మీద ఒట్టు పెట్టి చెప్తున్న. కింద రాసిందంత అక్షరం పొల్లు పోకుండ నిజం. గీ మాట ముందుగాలనే ఎందుకు చెప్పుకోవాల్సి వచ్చిందంటే, కాగజ్‌నగర్‌ల నన్ను ఎరిగినోళ్లు నేను "పొద్దు పొడిచింది" అన్నా బయటికొచ్చి ఒకసారి చూసుకొని పోతరు. ఎన్నడో వాగుల పట్టిన చేప గురించి చెప్తే, అది చెప్పినకొద్దీ పెరిగిందని వాళ్ల ఫిర్యాదు. చేపలు పెరుగయా? సరే, అది వేరే ముచ్చట. ఇది లారీ ముచ్చట. ఇందుల కూడ ఒకటి పెరిగింది గని, దానికి సాక్షులున్నరు.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలు. నేను వెదురు డిపోల గుమస్తాను. అడవిల నుంచి లారీలు వెదురు తెస్తయి, కాగితాల మిల్లుకు పోతయి. నడుమ నిలవడి కట్టలు లెక్కబెట్టుడు నా పని. లెక్కబెట్టి లెక్కబెట్టి ఇంటికొచ్చి కంచం ముందట కూసుంటే మెతుకులు కూడ కట్టలు కట్టలుగ అగుపడేటివి. అసొంటి కొలువుల మనిషికి ఇంకో ధ్యాస లేకుంటే పిచ్చి లేస్తది. నా తోటోళ్లు పేకాట పట్టిండ్రు. నేను లారీ పట్టిన.

అసలు లారీ గాదు. అడుగుకు అంగుళం లెక్కన చేసే చిన్న లారీ. అసలుది పన్నెండడుగులుంటే నాది పన్నెండంగుళాలు.

ఇది నిర్మల్‌ల మొదలైంది. ఎవరిదో పెండ్లికి పోయి, భోజనాలకు ఇంక ఆలస్యమున్నదంటే బొమ్మలు చేసేటోళ్ల ఇండ్ల దిక్కు నడిచిన. పొనికి కట్టె తోటి పండ్లు, పిట్టలు చెక్కుతుండ్రు. ఆ కట్టెను చేతిల పట్టుకుంటే కట్టె పట్టుకున్నట్టే ఉండదు, ఎండిన రొట్టె పట్టుకున్నట్టుంటది. అంత తేలిక. ఒక ముసలాయన్ని అడిగిన, "తాతా, పండ్లు పిట్టలే చేస్తరు, లారీ చెయ్యరేంది?"

ఆయన చెక్కుడు ఆపకుంటనే అన్నడు, "పండు చేస్తే పండు లెక్కుంటే సాలు. లారీ చేస్తే, గీడ నట్టు లేదని డ్రైవరు కొట్లాటకొస్తడు."

ఆ మాట నాకు మంచిగనిపించింది. పెండ్లి భోజనం తిన్ననో లేదో యాదికి లేదు గని, పొనికి కట్టె మోపు మాత్రం బస్సు మీద ఏసుకొని వచ్చిన.

ఇగ ఆదివారాలు నా చేతుల లేకుండ పోయినయ్. మాపటి పూట ఎండ ఉన్నంతసేపు ముందటి అరుగు మీద కూసునేది. కట్టె చెక్కుతుంటే ఒంట్లున్న లెక్కలన్ని పొట్టుతో పాటు రాలి కింద పడ్డట్టుండేది. పలిగిన గోలీ సోడా సీసాలకెల్లి రెండు గోలీలు తీసి ముందటి దీపాలు చేసిన. నడువని గడియారం స్ప్రింగు కోసి చక్రాల మీద కమాను పట్టీలు. పాత లారీ ట్యూబు రింగులు కోసి టైర్లు. రేడియేటరు జాలీ కోసం చాయ్ జల్లెడ. ఆ పొద్దు మా ఇంట్ల చాయ్‌ని గుడ్డల వడగట్టిండ్రు.

నా భార్య ఆ గుడ్డను నా ముందటనే పిండుకుంట అన్నది, "ఏందయ్యా, నిన్న జల్లెడ పోయింది, మొన్న చీపురు బట్టతల అయింది. రేపు నన్ను కూడ ఏదన్న నట్టుకు బిగిస్తవా?"

చీపురు మాట నిజమే. చిన్న లారీకి చిన్న వెదురు కావాలె గద. చీపురు పుల్లలు కట్టలు కట్టి ఎక్కిచ్చిన. ఎన్ని కట్టలో మాత్రం లెక్కబెట్టలే. అంత సుఖం నాకు జన్మల దొరకలే.

ఏ లారీని చూసి చేస్తున్నవని అడగాలె మీరు. మా డిపోకు వచ్చే లారీలన్నిట్ల పాతది, ముక్కు పొడుగుది ఒకటుండె. దాని డ్రైవరును అందరం ఉస్తాద్ అంటుంటిమి. మనిషి పొట్టి. ఎంత పొట్టంటే, ఎదురుంగ వచ్చేటోళ్లకు స్టీరింగు పట్టుకున్న రెండు చేతులు, ఒక టోపి మాత్రమే అగుపడేవి. గోనె సంచి నాలుగు మడతలు పెట్టి సీటు మీద ఏసుకొని, దాని మీద కూసుంటేనే ఆయనకు తోవ కానొచ్చేది. పెండ్లాం పోయి చానా ఏండ్లయింది, పిల్లలు లేరు. వండుకునేది, పండుకునేది, ఆదివారం గడ్డం గీసుకునేది అంత ఆ క్యాబిన్‌లనే. ఆయన ఇల్లేది అని అడిగితే లారీ తలుపు తీసి చూపిస్తడు.

మొదటి ఆదివారం ముందటి భాగం కొలిచిన. నా భార్య రైకలు కుట్టేటిది, ఆమె పసుపుపచ్చ మైనంగుడ్డ టేపు తీసుకపోయిన. ఉస్తాద్ చాయ్ తాగుకుంట నవ్వుకుంట చూసిండు. బానెట్ గొళ్లెం ఎప్పుడో ఇరిగితే, ఆయన తన నడుము పటక తీసి దాన్ని కట్టి పెట్టిండు. "గది కూడ చెయ్యాలె గుమస్తా సాబ్, మర్చిపోవద్దు" అన్నడు. మర్చిపోలే. వారం రోజులల్ల బానెట్ చేసి, సన్నటి పట్టీ సుత చేసి, దానికి తోలు రంగు ఏసిన.

తర్వాతి ఆదివారం క్యాబిన్, ఎనుక కట్టె బాడీ కొలవవోయిన. ఆ దినాలల్ల నేనేదీ రాసుకునేటోన్ని కాదు. కొలిచిన కాడికి అక్కడ్నే వెదురు పుల్లను అడుగుకు అంగుళం లెక్కన కోసి జేబుల ఏసుకునేది. క్యాబిన్ సుట్టు అయిపోయింది. ఇగ టేపు ముందటి కొస నుంచి ఎనుక కొస దాక నిలువున సాపిన. ఉస్తాద్ చాయ్ గిలాస కింద పెట్టిండు.

"ఆగు జర సాబ్. తల నుంచి కాళ్ల దాక టేపు పెట్టేది ఎవనికి?"

"దర్జీ పెడ్తడు గద ఉస్తాద్, లాగు కుట్టేటందుకు."

"దర్జీ నిలవడ్డోనికి పెడ్తడు, నడుము కాడ్నుంచి. తల నుంచి పెట్టేది పండవెట్టినోనికి, బొంద తవ్వేటందుకు. నా బండి ఇంక నిలవడే ఉన్నది."

"నీ బండికేం ఫికర్ లేదు. మన ఇద్దరిని మోసి వల్లకాట్ల దింపినంక కూడ అది నడుస్తది."

ఆయన లేసి బండి సుట్టు ఒకసారి తిరిగి, నేను కొలిచిన ప్రతి జాగను తడి గుడ్డ తోటి తుడిచిండు.

రెండు ఎండకాలాలు పోయినయ్. లారీ అయింది. క్యాబిన్‌ల అద్దం పక్కకు చాయ్ గిలాస తగిలిచ్చే కొక్కెం సుత చేసిన. బాగుందా లేదా అని మనుషులను అడిగితే మొహమాటానికి బాగుందంటరు. అందుకని వాకిట్ల పెట్టి పక్కకు నిలవడ్డ. మా గల్లీల ఒక నల్ల కుక్క ఉండె. అది గోడలను ముట్టదు, స్తంభాలను చూడదు, లారీ చక్రం ఎక్కడ కానొస్తే అక్కడ్నే కాలు లేపుతది. అది వచ్చింది. నా లారీ సుట్టు తిరిగింది. ఎనుక కుడి చక్రం కాడ ఆగి, నెమ్మదిగ కాలు లేపింది. నా భార్య చెంబుల నీళ్లు తెచ్చుకుంట, "ఇగ పో, ముద్ర పడ్డది" అన్నది. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. నమ్మకుంటే మీ ఇష్టం, ఒట్టు పెట్టినంక నేనేం చెయ్యాలె.

ఆ వానకాలం పోయే ముంగట, అడవిల ఒక వాగు దాటుతుంటే ఉస్తాద్ లారీ ఎనుక చక్రం ఇసుకల దిగింది. ఆయన, క్లీనరు దిగి చక్రం కింద రాళ్లు పెడుతుండిరి. బండి ఒక్కసారి పక్కకు ఒరిగింది. తాడు తెగి వెదురంత ముందటికి జారి క్యాబిన్‌ల నుంచి దూసుకపోయింది. ఇద్దరికి గోటంత దెబ్బ తగల్లే. ఇంజను, చక్రాలు, బానెట్, తలుపుల ఇనుప చట్రాలు మిగిలినయ్. కట్టెది ఏదీ మిగల్లే. ఉన్నదాన్ని ఇంకో లారీకి కట్టి గుంజుకొచ్చి డిపో ముందటి చాయ్ హోటల్ కాడ పెట్టిండ్రు.

నేను ఉరికి పోయి చాయ్ హోటల్ల ఉస్తాద్ పక్కకు కూసున్న. ఆయన లేసి ఇంకో బల్ల మీదికి పోయిండు. హోటలాయన తోటి నాకు ఇనవడేటట్టు అన్నడు, "గా మనిషి కూసున్న బల్ల మీద నేను కూసోను. నన్ను సుత కొలుస్తడు."

లారీ యజమాని సేటు వచ్చి, ఇరిగిన బండి సుట్టు తిరిగి చూసిండు. "దసరా నాడు నా బండ్లన్ని పూజకు వరుసల నిలవడ్తయి. గా వరుసల గిది నిలవడితే ఉంటది. లేకుంటే నాగపూర్ నుంచి తుక్కు కొనేటాయన వస్తడు, ముక్కలు తీస్కపోతడు."

"మరి ఉస్తాద్ సంగతేంది సేటూ?" అన్న.

"కొత్త బండికి కొత్త డ్రైవరు ఉన్నడు. ఈయనకు వయసైంది. పోయి ఇంట్ల కూసుంటడు."

ఏ ఇంట్ల అని సేటు అడగలే, మేము చెప్పలే. ఇల్లు ఎదురుంగనే ముక్కలై పడి ఉన్నది.

ఆ ముక్కు పొడుగు లారీకి బాడీ కట్టింది ఎక్కడో బొంబాయి దిక్కు. మా దగ్గర ఉన్నది ఎడ్లబండ్లు చేసే వడ్లాయన ఒక్కడే. ఆయనొచ్చి ఇరిగిన కట్టెలను కాలుతోటి కదిలిచ్చి, "ఎడ్లబండి అంటే కండ్లు మూసుకొని చేస్త. దీని రూపు నాకు యాదికి లేదు. పుల్లల కుప్పను చూసి ఇల్లు కట్టుమంటే ఎట్ల?" అన్నడు.

నేను ఇంటికొచ్చి బల్ల ముందట నిలవడ్డ.

"ఏందయ్యా, బిడ్డను అత్తగారింటికి తోలేటోని లెక్క చూస్తున్నవు దాన్ని?" అన్నది నా భార్య. చెప్పిన. ఆమె లోపలికి పోయి గంప తెచ్చింది, అడుగున తన పాత చీర పరిచింది.

గంప నెత్తి మీద పెట్టుకొని నేను ముందట, ఆమె ఎనుక. దారిల ఒకాయన ఏం కూరగాయలు అని అడిగిండు. ఇరిగిన బండి కాడ వడ్లాయన నా లారీని రెండు చేతులల్ల ఎత్తి నాలుగు దిక్కుల తిప్పి చూసిండు. మొఖం ఇచ్చుకుంది.

"పైన మంచిగున్నది సారూ. మరి లోపట? ఏ కట్టె ఏ కట్టె మీద కూసుంటదో ఎట్ల తెలుస్తది? ఇప్పాలె."

"ఇప్పితే?"

"ఇప్పితే ముక్కలైతది. ఇది ముక్కలు కాకుంటే అది ముక్కలే."

ఉస్తాద్ ఇంత దూరంల, వేపచెట్టు మొదట్ల, మా దిక్కు ఈపు పెట్టి కూసుండు. నేను చింతగింజల జిగురు పట్టిన కాడ గోరు పెట్టి లేపిన. పొనికి కట్టె పలిగితే పెద్ద సప్పుడు రాదు, అప్పడం ఇరిగినట్టు వస్తది. గని ఆ సప్పుడుకు ఉస్తాద్ మెడ తిరిగింది. రెండో సప్పుడుకు మనిషి లేసిండు.

"అట్ల గాదు. పైకప్పు ముందటి నుంచి లేపాలె, ఎనుక నుంచి గాదు. నా బండిది అట్లనే ఉండె."

ఆయన చెప్పినట్టే లేపిన. పైకప్పు ఊడి వచ్చింది. ఉస్తాద్ వంగి లోపలికి చూసిండు. చాయ్ గిలాస కొక్కెం చూసిండు. సీటు మీద నాలుగు మడతల గోనె ముక్క చూసిండు. ఏలు కొసతోటి దాన్ని ముట్టిండు.

"నా సంచి సుత పెట్టినవా?"

"అది లేకుంటే నీ బండి ఎట్లయితది ఉస్తాద్."

ఆయన హోటల్ దిక్కు తిరిగి నాలుగు చాయలు చెప్పిండు. నాలుగోది నాదే.

ఆ దినం నుంచి పని ఉరికింది. వడ్లాయన నా ముక్కలు ఒక్కొక్కటి కొలుచుడు, అంగుళానికి అడుగు చేసుడు, టేకు కట్టె కోసుడు. ఉస్తాద్ పక్కన కూసొని, "ఆ మొల గీడ గాదు, గాడ" అనుకుంట పరేషాన్ చేసుడు. నేను కట్టలు లెక్కబెట్టి ఉరికి వచ్చుడు. లోకంల పిల్ల తల్లి లెక్క ఉంటది గని, తల్లి పిల్ల లెక్క అయింది మా కాడనే.

దసరా ముందటి రోజు క్యాబిన్‌ను ఎత్తి కూసోబెట్టిండ్రు. తలుపు బిగిద్దామని పాత ఇనుప చట్రం తెచ్చి పెడితే, సుట్టు సందు. అటు జరిపితే ఇటు, ఇటు జరిపితే అటు. వడ్లాయన తన గజం కట్టె తెచ్చి ఎక్కడ కొలిచినా ఉండాల్సిన దానికన్న రెండంగుళాలు ఎక్కువ. వెడల్పు రెండు, ఎత్తు రెండు, ఎనుక బాడీ పొడుగు సుత రెండే. సీటైతే కింది చట్రానికి రెండు, మీది పెట్టెకు రెండు, కలిసి నాలుగు లేసింది.

"సారూ, ఏ గజంతోటి కొలిచినవు?"

నా భార్య టేపు తెప్పిచ్చిండ్రు. వడ్లాయన కొస పట్టుకొని చూసిండు. ఒకటి లేదు. రెండు లేదు. టేపు రెండు కాడ్నుంచి మొదలైతున్నది. నా చిన్న లారీల ఆ రెండంగుళాలు గింజంత, ఎవనికి కానొస్తది? పన్నెండింతలు చేసేసరికి బయట పడ్డది. అందరు నా మొఖం చూసిండ్రు.

మా పక్కింటి పెద్దవ్వకు ఒక మేక ఉండె. దండెం మీది బట్టలు, మా వడియాలు, నా గొడుగు పిడి దారం, దాని నోటికి రానిది లేదు. "మేక తిన్నది" అన్న. "కొస నమిలింది, నేను చూసుకోలే."

వడ్లాయన కూలవడ్డడు నవ్వుకుంట. నా భార్య మాత్రం నవ్వలే, టేపు సుట్ట సుట్టి కొంగున కట్టుకుంది. ఉస్తాద్ సుత నవ్వలే. పొద్దు దిగుతున్నది. మళ్ల ఇప్పి కోసే సమయం లేదు, కట్టె లేదు. తెల్లారితే సేటు వస్తడు. ఇది నా బండి గాదని ఉస్తాద్ ఒక్క మాట అంటే అయిపోయినట్టే.

ఆయన పైకెక్కిండు. గోనె సంచి నాలుగు మడతలు ఏసుకొని కూసుండు. నెత్తి పైకప్పుకు తాకింది. దిగి, రెండు మడతలు తీసిండు. కూసుండు. మళ్ల లేసిండు. సంచి మొత్తం తీసి క్లీనరు మీదికి ఇసిరి, ఒట్టి సీటు మీద కూసుండు. స్టీరింగు పట్టుకొని ముందటికి చూసిండు. బానెట్ కొస దాక చూసిండు, దాని మీద తన పటక చూసిండు, దాని అవతల తోవ చూసిండు. మొదటిసారి కింద నిలవడ్డ మాకు అద్దంల ఆయన మొఖమంత అగుపడ్డది. ఆయనకు మీసాలున్నయని ఆ దినమే తెలిసింది కొందరికి.

"సందులకు పట్టీలు కొట్టు" అన్నడు వడ్లాయనతోటి. తర్వాత నా దిక్కు చూసి, "పండవెట్టి కొలిచినవు అనుకున్న సాబ్. ఎదిగే పిల్లగాన్ని కొలిచినట్టు కొలిచినవు."

దసరా నాడు లారీలన్ని మామిడాకులు, బంతిపూలు కట్టుకొని వరుసల నిలవడ్డయి. ఉస్తాద్‌ది చివరకు నిలవడ్డది, రెండంగుళాలు ఎత్తుగ. సేటు వచ్చి చూసి, ఏదో తేడా ఉన్నదని పసిగట్టి, ఏందో చెప్పలేక కొబ్బరికాయ కొట్టి పోయిండు. వడ్లాయన రాత్రే నా చిన్న లారీని మళ్ల అతికిచ్చి తెచ్చిండు. ఉస్తాద్ దాన్ని తీసుకొని తన బానెట్ మీద పెట్టిండు. పెద్ద బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినంక ఇంకో నిమ్మకాయ కోసి, గింజలు ఏరి, నా బండి ఒక్కో చక్రం కింద ఒక్కో గింజ పెట్టిండు.

"అడుగుకు అంగుళమే గద" అన్నడు. రెండు బండ్లు ఒక్కసారే కదిలినయ్, పెద్దది ముందటికి, చిన్నది నా చేతి కింద. మాపటికి జమ్మి ఆకు నా చేతిల పెట్టి అలాయ్ బలాయ్ ఇచ్చుకుంటే, ఆయన నెత్తి నా ఛాతీ కాడికే వచ్చింది. బండి పెరిగింది గని మనిషి పెరగలే.

ఇప్పటికీ ఆ లారీ మా తోవల తిరుగుతున్నది, ఉస్తాదే నడుపుతుండు. వాగు కాడ చూసినోళ్లను అడుగుండ్రి.

ఇగ ఇందుల నేను కల్పిచ్చింది ఏందో చెప్పి ఊకుంట. కుక్క గాదు. రెండంగుళాలు గాదు. నిమ్మగింజలు గాదు. మేక. మేక ఉన్నది, పెద్దవ్వ ఉన్నది, వడియాలు పోయిన మాట నిజం. గని టేపును అది ముట్టలే. బానెట్ మీద పటక చెయ్యాలంటే సన్నటి, మెత్తటి, గట్టి గుడ్డ కావాలె గద. ఇల్లంత ఎతికిన. నా భార్య టేపు కంటె మంచిది ఎక్కడ దొరకలే. కొస నుంచి రెండంగుళాలు కోసి, అంచు కుట్టి, పైన తోలు రంగు ఏసి, బిగిచ్చిన. తర్వాతి ఆదివారం ఆ టేపే పట్టుకొని పోయి క్యాబిన్ కొలిచిన. ఒట్టు పెట్టినవు గద అంటరా? మళ్లోసారి పైన చదువుండ్రి. పొయ్యి మీద పెట్టిన, తాయెత్తు మీద పెట్టిన, లారీ మీద పెట్టిన. మేక మీద పెట్టలే.

మొన్న నా భార్య లారీ దుమ్ము దులుపుకుంట ఆ పట్టీ లేపి చూసింది. అడుగు దిక్కు రంగు లేదు. పసుపుపచ్చ గుడ్డ మీద ఒకటి, రెండు అని నల్లగ అంకెలున్నయ్. నేను పేపరు అడ్డం పెట్టుకొని కూసున్న. ఆమె పట్టీని మళ్ల అట్లనే బిగిచ్చి, గుడ్డ దులిపి, వంటింట్లకు పోవుకుంట అన్నది, "మేక మంచిగనే కుట్టింది."